1950ల నాటి అమెరికా మర్యాదల ఫిల్ముల్లో కనిపించినట్టే అప్పటి ఇళ్లు నిజంగా ఉండేవా?

లేదండి, అవి డాక్యుమెంటరీలు కావు, పిల్లలు ఎలా ఉండాలని పెద్దవాళ్లు అనుకున్నారో అది నటులతో తీసి స్కూళ్లలో వేసిన పాఠాలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకి ఫిల్ములతో ట్రైనింగ్ ఇచ్చారు, అది బాగా పనిచేసింది, యుద్ధం అయ్యాక 16 ఎంఎం ప్రొజెక్టర్లు స్కూళ్లకి చేరాయి, పైగా టీనేజ్ పిల్లలు చెయ్యి దాటిపోతున్నారన్న భయం అప్పట్లో గట్టిగానే ఉండేది, దాంతో కొరొనెట్ లాంటి కంపెనీలు మర్యాదలు, డేటింగ్, ఇంటిపని ఇలా అన్నిటి మీదా చిన్న చిన్న ఫిల్ములు తీశాయి. 1950లో వచ్చిన ‘ఎ డేట్ విత్ యువర్ ఫ్యామిలీ’నే చూడండి, రాత్రి భోజనానికి తల్లీకూతుళ్లు బట్టలు మార్చుకుని ముస్తాబవుతారు, అందరూ నవ్వుతూ మాట్లాడాలని వెనకనుంచి ఒక గొంతు చెప్తూనే ఉంటుంది. అందరూ రోజూ అలాగే తింటుంటే అది నేర్పడానికి ఫిల్ము ఎందుకు తీస్తారు? ఆ నెమ్మది, ఆ శుభ్రత మనకి నచ్చడంలో తప్పేం లేదు, నిజంగా బాగుంటాయి కూడా. కాకపోతే అవి చూసి అప్పట్లో ఆడవాళ్లంతా ఇంట్లోనే ఉండేవాళ్లు అనుకుంటారు చాలామంది, అది మాత్రం తప్పు, 1950 నాటికే అక్కడ 16 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో దాదాపు మూడోవంతు మంది ఉద్యోగం చేస్తూనో వెతుక్కుంటూనో ఉన్నారు.