వైజాగ్‌లో మొదటి గట్టి పగడమా? లైటు కంటే ముందు వేడి సంగతి చూడండి

ఇంటి రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) మొదటిసారి గట్టి పగడం, అంటే రాయిలాంటి అస్థిపంజరం కట్టుకునే రకం, పెడదామనుకుంటున్నాను, వైజాగ్‌లో ఏది తట్టుకుంటుంది, రుషికొండ బీచ్ నీళ్లు పట్టుకొచ్చి పోయొచ్చా అని అడిగారు. క్యాండీ కేన్ అనే పగడం తీసుకోండి. సముద్రం నీళ్లు మాత్రం వద్దు.

మా ఇంట్లో ఉన్నదీ క్యాండీ కేనే. దీనికి ఓ మోస్తరు లైటు, నెమ్మదైన ప్రవాహం చాలు. ఎక్రోపొరా అనే సున్నితమైన పగడంలా ప్రతి చిన్న తేడాకీ అలిగే రకం కాదు. రాత్రి లైట్లు ఆపాక ఒక్కో తల (నోరున్న గుండ్రటి భాగం) అంచునా మీసాల్లాంటి సన్నని పారదర్శక స్పర్శకాలు బయటికొస్తాయి. అప్పుడు మైసిస్ అనే చిన్న రొయ్య ముక్క ఒకటి పిపెట్‌తో వదిలితే, తాపీగా నోట్లోకి లాక్కుంటుంది. గుండ్రంగా ఉన్న తల కోలగా సాగి, నడుమ నొక్కుకుపోయి, రెండు నోళ్లు కనిపించాయంటే అది రెండు తలలవుతోందన్నమాట. అలా కాకుండా కింద కండ జారి తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంటే ముందు ఆల్కలినిటీ (నీటిలో కార్బొనేట్ల మోతాదు) టెస్ట్ చేయండి. దాని కొలమానం డీకేహెచ్‌లో 8-9 మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు, రోజుకో అంకె చూపించకూడదు. కాల్షియం 400-450 పీపీఎం. నాలుగైదు తలలున్న ముక్కకైతే వారం వారం పది శాతం నీళ్లు మారిస్తే సరిపోతుంది, ఖనిజాలు కొంచెం కొంచెంగా కలిపే డోసింగ్ పంపుల టెన్షన్ అక్కర్లేదు. వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే నైట్రేట్‌ని సున్నా చేయాలని మాత్రం తాపత్రయపడకండి, పగడం పాలిపోతుంది.

మన ఊళ్లో అసలు బాధ వేడితో. ట్యాంకు 25-27 డిగ్రీల్లో ఉండాలి. నీటి మీదికి ఫ్యాన్ పెడితే చల్లబడుతుందంటారు. నిజమే, కానీ అది నీరు ఆవిరవడం వల్ల వచ్చే చల్లదనం. మే నెలలో ఇక్కడి ఉక్కపోతకి గాల్లోనే అంత తేమ ఉంటే ఇంకేం ఆవిరవుతుంది? ఖరీదైన లైటు కోసం దాచిన డబ్బు నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రానికి పెట్టండి, లేదా ట్యాంకుని ఏసీ గదిలోకి మార్చండి. ఆవిరైనంత మేర మంచినీళ్లే పోయాలి, ఉప్పు కలిపినవి కాదు. వంటింటి ఆర్‌ఓ నీళ్లలో ఖనిజాలు మిగిలే ఉంటాయి. వాటిని పట్టేసే డీఐ రెజిన్ ఫిల్టర్ తగిలించి, నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాకే వాడండి.

సముద్రం నీళ్లు ఎందుకొద్దన్నానంటే, పక్కనే హార్బర్ ఉంది, దాని కాలుష్యం భయం, పైగా వానాకాలం చివర్లో నదుల నీరు కలిసి మన తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. ట్యాంకుకేమో ఉప్పదనం ఎప్పుడూ 35 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటికి 35 పాళ్ల ఉప్పు) దగ్గరే ఉండాలి.

కరెంటు పోతే నీటిని కదిలించడానికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు కదా. లైటు లేకపోయినా పగడం కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, నీరు కదలకపోతే ఓర్చుకోదు.

గెలాక్సియా అనే పగడం కూడా గట్టి రకమే, అందంగానూ ఉంటుంది. కానీ పొడవాటి స్పర్శకాలతో రాత్రిపూట పక్కవాటిని కుడుతుంది. క్యాండీ కేన్ పక్కన పెట్టకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రంలోంచి తేవడం నేరం. షాపులో కొనేటప్పుడు కూడా దిగుమతి పత్రాలు అడగండి, నసిగితే బయటికొచ్చేయండి.