‘మా దుకాణం సంగతి ఇంటర్వ్యూలో ఎత్తవద్దన్నాను’

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. కిరాణా దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఎంబీఏ రెండో సంవత్సరంలో ఉంది. మరో నాలుగు నెలల్లో కాలేజీకి కంపెనీలు వస్తాయి. గ్రూప్ డిస్కషన్‌లో తోటివాళ్లు ‘ఎడ్జ్ అవుట్’, ‘డబుల్ డౌన్’ వంటి మాటలు వాడుతుంటే తనకు నోరు పెగలడం లేదని బాధపడుతోంది. వ్యాపార పోటీకి, వ్యూహానికి సంబంధించిన 500 ఫ్రేసల్ వెర్బులను మూడు నెలల్లో నేర్పుతామని అమీర్‌పేటలో ఒక సంస్థ 35 వేల రూపాయలు అడుగుతోంది. చేర్పించాలా, ఇంట్లోనే చదువుకోమనాలా? పెద్ద కంపెనీల వాళ్లు చులకనగా చూస్తారని, మా దుకాణం సంగతి ఇంటర్వ్యూలో ఎత్తవద్దని కూడా చెప్పాను.

జవాబు: కోర్సుల పేర్లు మారుతున్నా ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంది. ఫీజు గురించి, సిలబస్ గురించి అడిగే తల్లిదండ్రులలో చాలామందికి లోపల ఉండే భయం ఒక్కటే: మన ఇంటి మాట, మన ఇంటి పని ఎక్కడ బయటపడి పిల్ల తల వంచుకోవలసి వస్తుందో అని. మీ ఉత్తరంలో ఆ భయం చివరి వాక్యంలో ఉంది. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

ముందుగా ఆ మాటల సంగతి చూద్దాం. ‘అడ్వాన్స్‌డ్’ అని పేరు పెట్టి అమ్ముతున్నవాటిలో ఎక్కువ భాగం టేక్, పుల్, బై, ఫాల్ వంటి చిన్న క్రియలకు అవుట్, ఆన్, ఓవర్ వంటి చిన్న పదాలు చేరి, కొత్త అర్థం తెచ్చుకున్నవే. తెలుగుకు ఈ పద్ధతి కొత్తది కాదు. గట్టెక్కడానికి గట్టు ఉండనక్కరలేదని, ఒక పనిని చేపట్టడమంటే చేత్తో పట్టుకోవడం కాదని, చదువులో వెనకబడినవాడు ఎక్కడా కింద పడలేదని మీ అమ్మాయికి ఎవరూ పట్టిక రాసి నేర్పలేదు. ఆ మాటలు వాడే మనుషుల మధ్య పెరిగి ఆమె నేర్చుకుంది. ‘పుల్ త్రూ’, ‘టేక్ ఆన్’, ‘ఫాల్ బిహైండ్’ కూడా అలా వచ్చేవే.

రోజుకు అయిదారు చొప్పున పట్టిక బట్టీ పట్టించడం మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. పట్టిక అర్థాన్ని ఇస్తుంది కానీ, ఆ మాట ఎంత బరువైనదో, ఎవరు ఎవరిని ఏం చేస్తే వాడాలో చెప్పదు. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై, ఉచిత కాల్స్‌తో ధరలు ఒక్కసారిగా పడిపోయిన తరువాత, 2018లో మొబైల్ కంపెనీ ఎయిర్‌సెల్ దివాలా ప్రక్రియకు వెళ్లింది. అదే ఏడాది వొడాఫోన్ ఇండియా, ఐడియా విలీనమయ్యాయి. ఊపిరి ఆడనివ్వకుండా చిన్నవాళ్లను బజారులోంచి బయటికి నెట్టే ఇటువంటి పరిస్థితికి ‘స్క్వీజ్ అవుట్’ నప్పుతుంది. కొద్ది తేడాతో ఒకరిని దాటి ముందుకు పోయినప్పుడు చెప్పే ‘ఎడ్జ్ అవుట్’ను ఇక్కడ వాడితే జరిగినదాని తీవ్రత పోతుంది. ‘ప్రైస్ అవుట్’ విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. ధర తగ్గించి పోటీదారును వెళ్లగొట్టడమని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. కానీ సాధారణంగా అది ధర పెరిగి కొనేవాడికి అందకుండా పోవడం గురించి చెప్పే మాట. కోకాపేటలో ఫ్లాటు కొనాలనుకున్న మధ్యతరగతి కుటుంబానికి జరిగేది అదే.

2018లో వాల్‌మార్ట్ సుమారు 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో దాదాపు 77 శాతం వాటా తీసుకోవడం ‘టేక్ ఓవర్’. ఆ ఒప్పందంలోనే సహ వ్యవస్థాపకుడు సచిన్ బన్సల్ వాటా మొత్తం కొని ఆయనను సాగనంపడం ‘బై అవుట్’. సంస్థ పగ్గాలు చేతికి రావడం వేరు, ఒక భాగస్వామి వాటా కొనేయడం వేరు. పైగా ‘దెమ్’ వంటి సర్వనామం వస్తే అది మధ్యలో కూర్చోవాలి: ‘బై దెమ్ అవుట్’ అనాలే తప్ప ‘బై అవుట్ దెమ్’ అనకూడదు. ‘క్యాచ్ అప్ విత్’ మాత్రం అలా విడిపోదు. వినేవారి చెవికి ముందుగా తగిలేది ఇటువంటి తప్పే.

ఇటువంటి కోర్సులను కొన్నేళ్లు నేనూ సిఫార్సు చేశాను. నమూనా ఇంటర్వ్యూలలో ఆ విద్యార్థులు మొదటి రెండు నిమిషాలు ధారాళంగా మాట్లాడేవారు. ‘ఆ కంపెనీ అలా ఎందుకు చేసింది, నువ్వయితే ఏం చేస్తావు’ అని అడిగితే మాత్రం మాట ఆగిపోయేది. మాటలు నేర్చుకున్నారు కానీ, వాటితో చెప్పుకోవడానికి వారి దగ్గర సంగతి లేదు. సిఫార్సు మానేయడానికి కారణం ఇదే.

మీ అమ్మాయి దగ్గర ఆ సంగతి పుష్కలంగా ఉంది. దాన్ని దాచుకోమన్నది మీరే, అందుకు నాకు కోపంగా ఉంది. మీ వీధి చివర పెద్ద సూపర్ మార్కెట్ తెరిచినప్పుడు మీరు దుకాణం మూసుకోలేదు కదా? తెలిసిన ఇళ్లకు నెల సరుకులు ఖాతా మీద ఇచ్చి నిలబెట్టుకుని ఉంటారు, ఫోను చేస్తే సామాను ఇంటికి పంపి ఉంటారు, లాభం మిగలని సరుకు తెప్పించడం తగ్గించి ఉంటారు. ఇంగ్లిషులో ఇవన్నీ ‘ఫెండ్ ఆఫ్’ (పోటీని కాచుకోవడం), ‘విన్ బ్యాక్’ (పోయినవారిని తిరిగి రాబట్టుకోవడం), ‘ఫేజ్ అవుట్’ (మెల్లగా మానేయడం) అనే మాటలే. బరిలోకి దిగి తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవాడిని ‘టేక్ ఆన్’ చేసిన, అంటే ఎదుర్కొన్న వ్యాపారిని ఆమె రోజూ ఇంట్లో చూసింది. తోటివాళ్లు పుస్తకంలో చదివినది ఆమె గల్లాపెట్టె పక్కన కూర్చుని నేర్చుకుంది. అలాంటి పిల్లను నాన్న పని గురించి నోరెత్తవద్దంటే, ఇంగ్లిషు కన్నా ముందు ఆమె ధైర్యాన్నే మీరు తీసేసుకున్నారు. ఆ మాటను ఈ రోజే వెనక్కి తీసుకోండి.

కోర్సా, ఇల్లా అని అడిగారు. నాలుగు నెలల వ్యవధిలో నేను ఇంటినే ఎంచుకుంటాను. రోజూ ఒక ఇంగ్లిషు వ్యాపార వార్త చదివి, అందులో కనిపించిన ఒక్క ఫ్రేసల్ వెర్బును వాక్యంతో సహా రాసుకుని, అదే మాటతో మీ దుకాణం గురించి ఒక వాక్యం కట్టమనండి. నాలుగు నెలలకు నూరు పైచిలుకు మాటలు వస్తాయి. అవి నోటికి అలవాటైన మాటలు కనుక గ్రూప్ డిస్కషన్‌లో వెతుక్కోనక్కరలేదు. భయం నిజంగా నోరు విప్పడం దగ్గరే ఉంటే, మనుషుల మధ్య మాట్లాడించే చిన్న బృందం ఆమెకు మేలు చేస్తుంది. అందుకు అంత ఫీజు అవసరం లేదు. అయినా ఆ సంస్థనే చూడాలనిపిస్తే, అడ్వాన్సు కట్టక ముందు ఒక డెమో క్లాసుకు ఆమెను ఒక్కదాన్నే పంపి, ఆమె రాసిన పేరా ఒకటి దిద్ది ఇమ్మని అక్కడి అధ్యాపకులను అడగమనండి. దిద్దిన కాగితం చూశాక చేరాలో వద్దో ఆమెనే తేల్చుకోనివ్వండి.