ఒక్క సీజన్ కోసం ఐదుగురిని ఇవ్వడం నష్టం కాదా?

2023 డిసెంబరులో అమెరికా బేస్‌బాల్‌లో న్యూయార్క్ యాంకీస్ జట్టు హువాన్ సోటో, ట్రెంట్ గ్రిషమ్‌ల కోసం ఐదుగురు ఆటగాళ్లను శాన్‌డియెగో పాడ్రేస్‌కు ఇచ్చినప్పటి నుంచి అభిమానులు అడుగుతున్న ప్రశ్న ఇది. నా అభిప్రాయంలో నష్టం కాదు.

మేజర్ లీగ్‌లో (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్) ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేవరకు ఆటగాడిపై హక్కు జట్టుదే; తొలి ఏళ్లలో కనీస వేతనానికి (2024లో 7,40,000 డాలర్లు) దగ్గరగా చెల్లిస్తే చాలు కనుక, తక్కువ జీతానికి బాగా ఆడే కుర్రాడికి మార్పిడిలో ఎంతో విలువ ఉంటుంది. సోటోపై ఆ హక్కు మిగిలింది ఒక్క ఏడాదే, జీతం 3.1 కోట్ల డాలర్లు.

అయినా అతడు 2024లో 41 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టి, యాంకీస్ 2009 తర్వాత తొలిసారి వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) చేరడంలో కీలకమయ్యాడు. ఆ వెంటనే 76.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో న్యూయార్క్‌లోని మరో జట్టు మెట్స్‌కు వెళ్లిపోయాడన్నది నిజమే.

పాడ్రేస్ కూడా తెలివిగా వ్యవహరించింది: ఆ ఐదుగురిలో ఒకడైన పిచర్ (బంతి విసిరే ఆటగాడు) మైకేల్ కింగ్ 13 విజయాలు సాధించగా, మరొకడైన యువ పిచర్ డ్రూ థార్ప్‌ను ఇంకొందరితో కలిపి వేరే జట్టుకు ఇచ్చి పిచర్ డిలన్ సీస్‌ను తెచ్చుకుంది. రెండు జట్లూ అదే ఏడాది ప్లేఆఫ్స్ ఆడాయన్న సంగతిని ఈ వాదనల్లో చాలామంది విస్మరిస్తున్నారు.