అడవిలో ఫోన్ మ్యాపు గురించి మా అల్లుడికి రాసిన ఉత్తరం

అల్లుడూ,

మొన్న ఇంటికొచ్చినప్పుడు నలుగురం కలిసి వికారాబాద్ దగ్గరి అనంతగిరి వైపు అడవిలో నడవడానికి పోతున్నామన్నావు. దారెట్లా తెలుస్తుందిరా అంటే జేబులోంచి ఫోన్ తీసి చూపించావు చూడు, అప్పుడే చెప్దామనుకున్నా, మీ నాన్న క్రికెట్ గొడవలో మాట పక్కకి పోయింది. అందుకే ఇది రాస్తున్నా. పొడుగ్గా ఉందని సగంలో వదిలేయకు, ఇందులో నా మోకాలి మచ్చ కథ కూడా ఉంది.

నువ్వు చూపించింది గచ్చిబౌలి నుంచి ఉప్పల్ పోవడానికి వాడే మ్యాపు. గూగుల్ మ్యాప్స్‌ని ఆఫ్‌లైన్‌లో దించుకున్నా అది బండికి దారి చెప్తుంది తప్ప నడకకి చెప్పదు, పైగా అడవి మొత్తం ఒకటే ఆకుపచ్చ మరకలా కనిపిస్తుంది. ఆ మరకలో గుట్ట ఎక్కడుంది, లోయ ఎక్కడుంది, ఒర్రె అంటే చిన్న వాగు ఎటు దిగుతుంది, ఇవీ నీకు కావాల్సినవి. అవి చూపించేది టోపో మ్యాపు. మా రోజుల్లో బాటనీ పిల్లల్ని మొక్కల కోసం తీసుకెళ్ళేటప్పుడు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు మడతపెట్టి సంచిలో పెట్టుకునేవాళ్ళం. హైదరాబాద్ షీట్ల నంబర్లు 56కె తో, వికారాబాద్ వైపువి 56జి తో మొదలయ్యేవి. మేం వాడే షీట్లలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్లోనే షీట్లు పీడీఎఫ్‌లుగా దొరుకుతున్నాయి, వీలైతే మీరు పోయే చోటుది దించుకుని చూడు, ఫోన్ యాప్‌లో కనపడని సంగతులు దాంట్లో ఉంటాయి. వాగుని నల్ల గీతతో వేశారంటే అది ఎండిపోయేదని, నీలంతో వేశారంటే నీళ్ళుండేదని అర్థం. మంచినీళ్ళ సీసాలు ఎన్ని మోయాలో ఆ రంగు చూసే లెక్కేసుకునేదాన్ని.

ఫోన్‌కైతే ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మాండ్ గానీ వేసుకో. రెండూ ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అని జనమే కలిసి గీసే మ్యాపు మీద నడిచేవే. మొదటిది తేలిక, ఉచితం, లేయర్లలో కాంటూర్లు, అంటే ఎత్తు చూపించే గీతలు, ఆన్ చేస్తే చాలు. రెండోదాంట్లో సెట్టింగులు బోలెడు, కాంటూర్లు విడిగా దించుకోవాలి, ఉచిత వెర్షన్లో కొన్నిటికి తాళం ఉంటుంది. నన్నడిగితే మొదటిసారి పోయేవాడికి తేలికదే మేలు. తెలంగాణ మ్యాపు ఇంట్లో వైఫై మీద దించుకున్నాక ఒక్క పని చెయ్యి: ఫోన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మేడ మీదికెక్కి, యాప్ తెరిచి, మీరు పోయే గుట్ట దాకా వేలితో జరుపుకుంటూ పోయి బాగా దగ్గరికి లాగి చూడు. గీతలు కనపడ్డాయా, నీలం చుక్క మన మేడ మీదే ఉందా? ఉంటే సరే. జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదు, ఉపగ్రహాల సిగ్నల్ వింటే చాలు. కాకపోతే నెట్ లేకపోతే మొదటిసారి చోటు పట్టడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అందుకే చెట్ల కిందికి దూరకముందే, బండి ఆపిన ఖాళీ జాగాలోనే చుక్క కుదురుకునేదాకా నిలబడు.

ఇక కాంటూర్లు. ఇది అర్థం కాకపోతే మిగతాదంతా దండగ. గండిపేట ఎండాకాలంలో చూశావుగా, నీళ్ళు తగ్గుతున్న కొద్దీ ఒడ్డున ఒకదాని కింద ఒకటి చారలు పడతాయి. ఒక్కో చార ఒక్కో ఎత్తు. పూర్తి మట్టం 1790 అడుగులని వానాకాలం ప్రతి ఏడూ పేపర్లో చదువుతాం కదా, చెరువు నిండినప్పుడు నీటి అంచు ఎక్కడెక్కడ తగులుతుందో అక్కడంతా గీత గీస్తే అదే 1790 అడుగుల కాంటూరు. ఒడ్డు మెల్లగా వాలినచోట చారలు దూరదూరంగా ఉంటాయి, రాయి నిటారుగా ఉన్నచోట ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుంటాయి. మ్యాపులోనూ అంతే. గీతలు ఇంగ్లీషు V అక్షరంలా వంగి, దాని మొన ఎత్తు వైపు తిరిగి ఉంటే అది ఒర్రె. మొన పల్లం వైపు ఉంటే గుట్ట ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. శుక్రవారం రాత్రి కూర్చుని మీ దారి మీద వేలు పెట్టి ఇక్కడ ఎక్కుతాం, ఇక్కడ ఒర్రె దాటుతాం, ఇక్కడ కుడి పక్క పల్లం అని పైకే చెప్పుకో. మర్నాడు అడవిలో ఆ ఒర్రె రావలసిన చోట రాకపోతే ఫోన్ చూడకముందే నీకు అనుమానం రావాలి.

ఇప్పుడు మోకాలి సంగతి. నేను రిటైరైన ఏడు, ఐదుగురు పిల్లలతో గుట్ట మీంచి దిగుతున్నాం. మధ్యాహ్నం మూడున్నర. ఫోన్లో చూస్తే మా బండి ఆరువందల మీటర్లే, సూటిగా కింద. వచ్చిన బాటలో పోతే రెండు కిలోమీటర్ల చుట్టు. మేకలు కాసే ఒకాయన ఎదురై, "గా ఒర్రె దిక్కు పోకుండ్రి మేడమ్, దిగనీకి రాదు" అన్నాడు. మ్యాపు చూశా, అక్కడ గీతలు మరీ దగ్గరగా ఏం లేవు. ఆయనకేం తెలుసులే, నా దగ్గర కాంటూర్లున్నాయి కదా అనుకున్నా. నీళ్ళ వెంట పోతే ఊరొస్తుందని పెద్దలు చెప్పింది కూడా గుర్తొచ్చింది. ఇరవై నిమిషాలు దిగాక ఒర్రె బండ అంచు దాకా వచ్చి, అక్కణ్ణుంచి నాలుగు మనుషుల లోతుకి దూకేసింది. నీళ్ళు దూకుతాయి, మనం దూకలేంగా. పక్కన చూస్తే రెండు వైపులా లాంటానా కంప. వెనక్కి ఎక్కుతుంటే నాచు మీద కాలు జారి మోకాలు చీరుకుపోయింది, ఒకమ్మాయి చెప్పు తెగింది, బండి దగ్గరికొచ్చేసరికి చీకటి.

ఇంటికొచ్చాక తెలిసింది ఎందుకలా అయిందో. గీతకీ గీతకీ మధ్య ఇరవై మీటర్ల ఎత్తు తేడా ఉంటే, ఏడెనిమిది మీటర్ల బండ ఆ రెంటి మధ్యలో హాయిగా దాక్కోగలదు, మ్యాపులో ఆనవాలు కూడా ఉండదు. పైగా ఇలాంటి యాప్‌ల కాంటూర్లకి ఎక్కువగా ఆధారం 2000 ఫిబ్రవరిలో నాసా స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన ఎత్తులు. దాదాపు ముప్పై మీటర్లకొక కొలత, అందులోనూ దట్టమైన అడవిలో చెట్ల ఎత్తు కూడా కలిసిపోతుంది. గుట్ట మొత్తం రూపం బాగానే చెప్తుంది గానీ అడుగు ఎక్కడ వెయ్యాలో చెప్పదు. కాబట్టి గీతలు దగ్గరగా ఉంటే కచ్చితంగా పోవద్దు, దూరంగా ఉన్నాయని మాత్రం ధీమా పెట్టుకోవద్దు. దగ్గరి దారి ఎంత ఊరించినా తెలిసిన బాటలోనే తిరిగి రా. మేకల కాపరి చెప్తే విను, విని ఆ చోటుని యాప్‌లో గుర్తు పెట్టి ఆయన మాటనే పేరుగా రాసుకో. నా ఫోన్లో ఇప్పటికీ "దిగనీకి రాదు" అని ఒక ఎర్ర జెండా ఉంది.

బండి దిగగానే ఆ చోటు సేవ్ చేసి, ట్రాక్ రికార్డింగ్ ఆన్ చెయ్యి. నువ్వు నడిచిన గీతే నీకు తిరుగు దారి. చాలా ఫోన్లు బ్యాటరీ మిగల్చాలని స్క్రీన్ ఆరగానే యాప్‌ని చంపేస్తాయి, నాలుగు గంటలు నడిచాక చూస్తే రెండు చుక్కల మధ్య ఒక సూటి గీత మాత్రం ఉంటుంది. ఆ యాప్‌కి బ్యాటరీ ఆంక్ష తీసేసి, మన కాలనీ పార్కులో ఓసారి రికార్డు చేసి చూసుకో. కేబీఆర్ పార్కులో అయితే ఇంకా మంచిది, చెట్ల కింద చుక్క ఎలా తడబడుతుందో కూడా తెలుస్తుంది. బాట మీదే నడుస్తున్నా పది మీటర్లు పక్కన చూపిస్తుంది, బండల మధ్య ఇరుకులో ఇంకా ఎక్కువ. అది చూసి టెన్షన్ పడి బాట వదిలేయకు. కంపాస్ తప్పు చూపిస్తుంటే ముందు ఆ అయస్కాంతం మూత ఉన్న కవర్ తీసేయ్, తర్వాత ఫోన్ని గాల్లో ఎనిమిది అంకె రాసినట్టు తిప్పు.

బ్యాటరీ గురించి నీకు నేను చెప్పేదేముంది, ఫ్లైట్ మోడ్, పవర్ బ్యాంక్, తక్కువ వెలుతురు. రీల్స్ తీసే ఫోన్, మ్యాపు ఫోన్ ఒకటే కాకుండా చూసుకోండి. నలుగురి ఫోన్లలోనూ మ్యాపు దించండి. ఒక ప్రింటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, నవ్వితే నవ్వుకో.

ఇంకోటి, చోటు ఎవరికైనా చెప్పాల్సొస్తే అంకెలు జాగ్రత్త. 17 డిగ్రీల 30 నిమిషాలంటే 17.5, 17.30 కాదు. డిగ్రీకి అరవై నిమిషాలు మరి. తప్పు కొడితే వెతికేవాళ్ళు ఇరవై రెండు కిలోమీటర్ల అవతల వెతుకుతారు. యాప్‌లో దశాంశాలతో చూపించే పద్ధతి ఒక్కటే పెట్టుకోండి, నలుగురూ అదే. ఏదైనా అయితే 112 కొట్టండి, మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందుతుంటే ఆ కాల్ వెళ్తుంది.

మ్యాపులో బాట ఉంది కదా అని పోవచ్చని కాదు. రిజర్వు ఫారెస్టులోకి ఫారెస్టు వాళ్ళనడిగే అడుగు పెట్టండి. అక్కడ అలవాటైపోయి రేపు అమ్రాబాద్ టైగర్ రిజర్వు అంటావేమో, అక్కడైతే వాళ్ళు చూపించిన దారి దాటి ఒక్క అడుగు కూడా వద్దు.

మీ రూటు జీపీఎక్స్ ఫైలుగా, అంటే మ్యాపు యాప్‌లు తెరవగల దారి ఫైలుగా, శుక్రవారం రాత్రే నాకు వాట్సాప్ చెయ్యి, ఎన్నింటికి తిరిగొస్తారో కూడా రాయి. ఆ టైముకి గంట దాటినా ఫోన్ రాకపోతే నేను మీ నాన్నకి చెప్పను, నేరుగా పోలీసులకే చెప్తా. నీ పవర్ బ్యాంకు కేబుల్ మొన్న మా సోఫాలోనే మర్చిపోయావు, పోయేటప్పుడు వచ్చి తీసుకెళ్ళు.

మీ అత్త