చెస్ ఇంజన్ "మేట్ ఉంది" అని చూపిస్తూనే ఆట ఎందుకు కట్టించదు?

ఎక్కువసార్లు కారణం ఒకటే: మేట్ స్కోరును ట్రాన్స్‌పొజిషన్ టేబుల్లో (ఇదివరకే లెక్కించిన పొజిషన్ల ఫలితాలు దాచే పట్టికలో) ఉన్నదున్నట్టు దాచేయడం.

సెర్చ్‌లో మేట్ స్కోరంటే, ఒక పెద్ద సంఖ్య (ఇక్కడ 32000 అనుకుందాం) నుంచి రూట్‌కూ (సెర్చ్ మొదలైన పొజిషన్‌కూ) మేట్‌కూ మధ్య ఉన్న ప్లైలు (ఒక్కో వైపు వేసే ఒక్కో ఎత్తు ఒక ప్లై) తీసేయగా మిగిలింది. దగ్గరి మేట్‌కు ఎక్కువ విలువ దక్కాలని అలా పెడతారు. కానీ టేబుల్లో వెతికే కీ (గుర్తింపు సంఖ్య) పొజిషన్‌ది, అక్కడికి చేరిన దారిది కాదు. అదే పొజిషన్ వేరే ఎత్తుల వరుసలో వేరే ప్లై దగ్గర తగలొచ్చు. అందుకే పొజిషన్ నుంచి మేట్‌కు ఉన్న దూరమే దాచాలి.

ప్లై 4లోని పొజిషన్ నుంచి 3 ప్లైల్లో మేట్ ఉందనుకోండి. రూట్ నుంచి 7, స్కోరు 31993. దాచేముందు 4 కలిపి 31997 రాయాలి. తర్వాత అదే పొజిషన్ ప్లై 6లో తగిలితే 6 తీసేయాలి: 31991, అంటే 9 ప్లైల్లో మేట్. ఇది సరైన లెక్క. 31993నే వాడితే చుట్టుదారీ దగ్గరిదారీ ఒకేలా కనిపిస్తాయి. ఇంజన్ అటూ ఇటూ తిరిగి, గెలిచే ఆటను మూడుసార్ల పునరావృతంతో డ్రా చేసుకోగలదు.

మేట్ తినే వైపు స్కోరు నెగెటివ్ కాబట్టి అక్కడ గుర్తులు తిరగబడతాయి: రాసేటప్పుడు తీసివేత, చదివేటప్పుడు కూడిక. సాధారణంగా మర్చిపోయేది ఈ సగమే. ఆల్ఫా, బీటాతో (సెర్చ్‌లో పనికిరాని కొమ్మల్ని కత్తిరించడానికి వాడే కింది, పై హద్దులతో) పోల్చేది కూడా సవరించాకే.

చాలామంది దీన్ని హ్యాష్ కొలిజన్ (రెండు వేర్వేరు పొజిషన్లు టేబుల్లో ఒకటిగా పొరబడటం) అనుకుని టేబుల్ సైజు పెంచుతారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇంకొందరు స్కోర్లన్నిటికీ ఈ సవరణ పెట్టేస్తారు, అదీ తప్పే. గరిష్ఠ ప్లై 256 అయితే, ప్లస్, మైనస్ గుర్తు వదిలేసి చూసినప్పుడు 31744కి (32000 - 256) తగ్గని స్కోర్లకే ఇది వర్తిస్తుంది.