చర్చికి వెళ్లడం మానేశాను, ప్రార్థన మానలేదు

ప్రశ్న: మాది రాయగడ. మామగారు చర్చి కమిటీలో పెద్ద. స్త్రీల సమాజంలో పోగుచేసిన పిడికెడు బియ్యం డబ్బులకు లెక్క చూపించమని మీటింగులో అడిగాను. ఆ ఆదివారమే పాస్టరుగారు ప్రసంగంలో ‘సంఘంలో చిచ్చు పెట్టే ఆడవాళ్లు’ అన్నారు. పేరు చెప్పలేదు గానీ అందరూ నావైపే చూశారు. ఈస్టర్ తర్వాత నేను వెళ్లడం మానేశాను. ఇంట్లో రోజూ తెలుగు బైబిల్ చదువుకుంటాను. గురువారం సాయంత్రం పక్కింటి అక్కా నేనూ కలిసి ప్రార్థన చేసుకుంటాం. ఒడియాలో జరిగే ఆరాధన కంటే ఇదే మనసుకు హాయిగా ఉంది. అత్తగారు మాత్రం ‘విశ్వాసంలోంచి పడిపోయావు’ అంటున్నారు. మావారు పిల్లల్ని తీసుకుని వెళ్లొస్తారు, వచ్చాక మాట్లాడరు. పదో తరగతి చదివే అమ్మాయి ‘అమ్మ రానప్పుడు నేనెందుకు’ అని మొదలుపెట్టింది. నాది తప్పా?

జవాబు: అమ్మా, రోజూ బైబిల్ తెరిచే మనిషిని పడిపోయింది అనడం న్యాయం కాదు. ఆ మాట మనసులోంచి తీసేయండి. లెక్క అడగడం కూడా తప్పు కాదు. పది ఇళ్లలో కుండలోంచి తీసిపెట్టిన బియ్యం తాలూకు డబ్బు అది, అడిగే హక్కు ఇచ్చినవాళ్లకు ఉంది.

మీ అత్తగారు బైబిల్లోని హెబ్రీ పత్రిక పదో అధ్యాయం చూపించే ఉంటారు. సమాజంగా కూడటం మానవద్దని 25వ వచనంలో ఉంది, నిజమే. అయితే రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు ప్రిస్కిల్ల, అకులల ఇంట్లో ఉన్న సంఘానికి వందనాలు చెబుతాడు. ఆ రోజుల్లో సంఘం కూడింది ఎక్కువగా ఇళ్లలోనే. కాబట్టి మీ గురువారం ప్రార్థనను ఎవరూ తక్కువ చేయక్కర్లేదు. కానీ ఆ ఇళ్లలో ఉన్నది కూడా ఒంటరి భక్తి కాదు. చర్చి అక్కర్లేదన్న మాట మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు గారు బడిపంతులు. 1942లో క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పి, చర్చీ బాప్తిస్మమూ లేకుండానే క్రీస్తును వెంబడించవచ్చన్నారు. ఆయన చుట్టూ కూడా జనం చేరారు, కలిసి పాటలు పాడుకున్నారు. మనుషులు లేకుండా ఎవరికీ ఎక్కువ కాలం గడవదు. మీకు పక్కింటి అక్క ఉంది, ఇంకో ఇద్దరు తోడైతే మంచిది. ఇంటి ప్రార్థనలో దొరకనిది ఒకటుంది, ప్రభువు బల్ల, అంటే సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం. అది మీకు లోటుగా అనిపిస్తోందో లేదో ఉత్తరంలో రాయలేదు. మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

ఇద్దరు ముగ్గురు నా నామమున కూడిన చోట నేనుంటానన్న యేసు మాట మీకు ధైర్యమిచ్చి ఉంటుంది. మత్తయి 18లో దానికి కాస్త పైన, 15వ వచనం నుంచి మళ్లీ చదవండి. అక్కడున్నది తగాదా సంగతి. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అని. పాస్టరుగారు మొదటి రెండు మెట్లూ వదిలేసి నేరుగా ప్రసంగ వేదిక ఎక్కి మాట్లాడారు. అది ఆయన తప్పు. (బోధించేవాళ్లకే ఈ అధ్యాయం ఎక్కువ గుర్తుచేయాల్సి వస్తుంది, ఏం చేస్తాం!) మీరు ఆయన చేసినట్టు చేయకండి. సంఘంలో మీరు గౌరవించే ఒక పెద్దావిడను వెంటబెట్టుకుని ఒక్కసారి ఆయన దగ్గరకు వెళ్లండి. ‘మీరన్నది నా గురించేనని అందరూ అనుకున్నారు, నాకు బాధ కలిగింది. లెక్క మాత్రం ఇప్పటికీ తెలియాలి’ అని చెప్పి వచ్చేయండి. ఆయన క్షమాపణ అడిగినా అడక్కపోయినా, ఆ తర్వాత తీసుకునే నిర్ణయం కోపంలో తీసుకున్నది కాదు, మీది. ఇంట్లోనే ఉంటానంటారా, తెలుగు ఆరాధన కోసం నెలకోసారి రైలెక్కి పార్వతీపురం వెళ్తానంటారా, మళ్లీ ఆ చర్చికే వెళ్తానంటారా, ఏదైనా మీ ఇష్టం.

ఇంటి సంగతి నాకు ఇంతకంటే కష్టంగా కనిపిస్తోంది. మామగారు కమిటీలో ఉన్నారు. మీరు అడిగిన లెక్క ఆయన్నే అడిగినట్టు ఇంట్లో అందరికీ తోచి ఉంటుంది, పైకి అనరు. ఇక మీవారు. ప్రతి ఆదివారం చర్చి గేటు దగ్గర ‘ఇంట్లోవాళ్లు రాలేదా’ అని అడిగేవాళ్లందరికీ జవాబు చెప్పుకుంటున్నది ఆయనే. ఒకవైపు తండ్రి, ఇంకోవైపు భార్య. ఆయన మౌనం వెనక కోపం కంటే ఈ టెన్షనే ఎక్కువ అని నా అనుమానం. పిల్లలు పడుకున్నాక అడగండి: ‘నేను రానందుకు మీకు ఎక్కడ ఇబ్బందిగా ఉంది?’ మధ్యలో మీ వాదన పెట్టకుండా చివరిదాకా వినండి. గేటు దగ్గర ఏం చెప్పాలో ఇద్దరూ కలిసి ఒక మాట అనుకోండి. జ్వరం, పని అని అబద్ధాలు మాత్రం చెప్పించకండి.

అత్తగారితో బైబిల్ వచనాల పోటీకి దిగొద్దు. పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి క్రైస్తవ కీర్తనలు ఆమెకు నోటికి వచ్చే ఉంటాయి. రాత్రి భోజనాలయ్యాక ఒకటి పాడమని ఆమెనే అడగండి, మీరు గొంతు కలపండి. మీరు పడిపోలేదని ఆమెకు అర్థం కావడానికి వాదన కంటే ఇది పనికొస్తుంది.

అమ్మాయి విషయంలో గట్టిగా ఉండండి. మీకు జరిగింది దాచకుండా చెప్పండి, పదో తరగతి పిల్లకు అర్థమవుతుంది. కానీ అది మీకు జరిగింది, తనకు కాదు. అక్కడ తనకు స్నేహితులున్నారు, యువజన కూటం ఉంది. వెళ్లాలో వద్దో తన అనుభవాన్ని బట్టి తేల్చుకోవాలి. పరీక్షల ఏడాది కాబట్టి ఆదివారం బద్ధకానికి మీ పేరు వాడుకునే అవకాశం కూడా లేకపోలేదు.

ఒక్క పని మాత్రం తొందరపడి చేయకండి. రిజిస్టర్‌లోంచి పేరు తీసేయమని రాసివ్వకండి. మీ చర్చిలో బరియల్ గ్రౌండ్‌లో చోటు, పిల్లల పెళ్లికి పాస్టరు ఇచ్చే లెటరు ఇలాంటివి సభ్యత్వంతో ముడిపడి ఉన్నాయేమో ముందు కనుక్కోండి. పెళ్లికైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు ఇచ్చి రిజిస్ట్రార్ దగ్గర చేసుకునే దారి ఉంది. అయితే ఇంట్లో ఎవరైనా పోయిన రోజున గేటు దగ్గర నిలబడి బతిమాలుకోవడం ఎవరికీ రాకూడదు. ఈ ఏడాది సభ్యత్వ చందా కట్టేయండి. రసీదు అడిగి తీసుకోండి.