టేకాఫ్‌లో మాసిన సాక్సుల వాసన, డ్యూటీ దిగాక తలనొప్పి: సమాధానం

విమానంలో క్యాబిన్ సిబ్బందిగా పనిచేస్తున్న మీరు, టేకాఫ్‌లో మాసిన సాక్సుల వాసన వస్తోందనీ, డ్యూటీ దిగాక తలనొప్పి ఉంటోందనీ అడిగారు. ఆ వాసన చూస్తే నాకు ఇంజిన్ ఆయిల్ ఆవిరి మీదే అనుమానం. బోయింగ్ 787 తప్ప చాలా జెట్లలో క్యాబిన్ గాలి ఇంజిన్ కంప్రెసర్ (గాలిని నొక్కి పంపే భాగం) నుంచే వస్తుంది, సీల్ దగ్గర ఆయిల్ కారితే దాని ఆవిరీ లోపలికి వచ్చేస్తుంది, క్యాబిన్ గాలిని వడకట్టే హెపా ఫిల్టర్ ధూళినీ క్రిములనూ పడుతుంది గానీ దీన్ని ఆపలేదు.

1. వాసన రాగానే కాక్‌పిట్‌కి చెప్పండి.

2. దిగాక కెప్టెన్‌తో టెక్నికల్ లాగ్‌లో (విమానంలోని లోపాలు రాసే పుస్తకం) రాయించండి. అందరూ వదిలేసేది ఇదే, "ఏదో వాసనొచ్చింది" అని నోటిమాటగా చెప్పి ఇంటికెళ్లిపోతారు. టేకాఫ్‌లోనా దిగేటప్పుడా, ముందు గ్యాలీలోనా (విమానంలోని వంటగది) వెనక గ్యాలీలోనా, ఎన్ని నిమిషాలు అని రాస్తేనే ఇంజినీర్లు వెతకగలరు.

3. తలనొప్పి ఉంటే డాక్టర్ దగ్గరికి అదే రోజు వెళ్లండి. వేడెక్కిన ఆయిల్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా రావచ్చు, దాని రక్తపరీక్ష గంటల్లోనే చేయించాలి, మర్నాటికి దాదాపు ఏమీ దొరకదు.